సముద్రం పక్కన శాంటియాగోకు: నాలుగు తీరదారుల్లో మీకు ఏది?

పోర్చుగల్‌లోని పోర్టో నుంచి శాంటియాగోకు నడిచి బయల్దేరే వాళ్లకు అందరూ ఒకే మాట చెబుతారు: "సముద్రం ఎడమ చేతి పక్కన ఉండేలా చూసుకో, చాలు. దారి తప్పే సమస్యే లేదు." నేనూ నమ్మాను. మొదటి రోజు సాయంత్రమే అజురారా ఇసుకలో ఆవ్ నది అడ్డొచ్చింది. అవతలి ఒడ్డున విలా దో కోందే ఊరు, పిలిస్తే పలికేంత దగ్గర. వంతెన మాత్రం అక్కడ లేదు, నది వెంట లోపలికి పోవాలి. బాణం గుర్తులు చూసుకుంటూ వచ్చినవాళ్లు అప్పటికే వంతెన దాటి, సత్రంలో కిందిమంచాలు పట్టేసుకుని, కాళ్లు కడుక్కుంటున్నారు.

తీరం వెంట నడవడంలో తిరకాసు ఇదే. మ్యాప్‌లో ఒడ్డు ఒక్క గీతలా కనిపిస్తుంది. నేల మీదికి దిగితే నదీముఖాలు, కొండ కొమ్ములు, ఎత్తు గట్లు, వాటిని చుట్టి పోయే రెండు మూడు దారులు. లోపలి దారుల్లో బాణం ఎటు చూపిస్తే అటు పోవడమే. తీరంలో మాత్రం గంటకోసారి "ఇటా, అటా" అని తేల్చుకోవాలి. అందుకే ఏ దారి అందంగా ఉంటుందని నన్ను అడిగితే నేను తిరిగి ఒకటే అడుగుతాను: రోజుకు ఎన్నిసార్లు అలా తేల్చుకునే ఓపిక మీకుంది? అందానికేం, నాలుగింటిలోనూ ఉంది.

కొత్తవాళ్లకు రెండు ముక్కలు. స్పెయిన్ వాయవ్య మూల గలీసియాలో శాంటియాగో డి కంపోస్టెలా అనే ఊరుంది. ఏసు శిష్యుడు యాకోబు సమాధి అక్కడి గుడిలో ఉందని నమ్మకం. అక్కడికి నడిచే దారులన్నిటినీ కలిపి కమీనో అంటారు. 2024లో దాదాపు 5 లక్షల మంది నడక పూర్తిచేసి పత్రం తీసుకున్నారు. అన్నిటికన్నా ఎక్కువమంది నడిచేది లోపలి దారి, ఫ్రెంచ్ కమీనో. ఈ వ్యాసం దాని గురించి కాదు. సముద్రాన్ని తాకే నాలుగు దారుల గురించి: పోర్చుగీస్ తీరదారి, ఉత్తర దారి, ఇంగ్లిష్ దారి, శాంటియాగో దాటాక వచ్చే ఫినిస్టెర్రే దారి.

ముందు తేల్చుకోవాల్సినవి

సెలవు ఎన్ని రోజులు అన్నది మొదటి ప్రశ్న. దీనికి ఎవరికి వారే జవాబు చెప్పుకోగలరు కాబట్టి సాగదీయను. కాకపోతే విమానాల రోజులు, ఒకటి రెండు విశ్రాంతి రోజులు తీసేసి లెక్కేసుకోండి.

రెండోది, నిజంగా సముద్రం ఎంత కనిపిస్తుంది? చాలామంది మోసపోయేది ఇక్కడే. పేరులో తీరం ఉన్నంత మాత్రాన చివరిదాకా అలల చప్పుడు వినిపించదు. శాంటియాగో ఊరు సముద్రం ఒడ్డున లేదు. ఏ దారైనా ఎక్కడో ఒకచోట ఒడ్డు వదిలి లోపలికి తిరగాల్సిందే. ఎక్కడ తిరుగుతుందన్నది చూడాలి.

మూడోది ఎక్కుడు దిగుడు. తీరం అంటే చదును అనుకుంటాం, ఉత్తర స్పెయిన్‌లో అలా ఉండదు. నాలుగోది దారి గుర్తులు, చీలికలు. ఐదోది రాత్రికి పడక. ఇక్కడి సత్రాలను అల్బెర్గే అంటారు. గలీసియాలో ప్రభుత్వ సత్రం 10 యూరోల చుట్టూ ఉంటుంది, ముందుగా బుక్ చేసుకోవడం కుదరదు, ముందొచ్చిన వాళ్లదే మంచం. ప్రైవేటువి సుమారు 15 నుంచి 25 యూరోలు, వాటిని బుక్ చేసుకోవచ్చు. తిండితో కలిపి రోజుకు 40–60 యూరోలు అనుకుంటే ఇబ్బంది పడరు.

| | పోర్చుగీస్ తీరదారి (పోర్టో) | ఉత్తర దారి (ఇరున్) | ఇంగ్లిష్ దారి (ఫెర్రోల్) | ఫినిస్టెర్రే, ముషియా |
|---|---|---|---|---|
| దూరం | సుమారు 280 కి.మీ. | సుమారు 820 కి.మీ. | 113–120 కి.మీ. | ఒక్కోటి 90 కి.మీ. లోపు, రెండూ కలిపి సుమారు 120 |
| రోజులు | 12–14 | 32–36 | 5–6 | 3–5 |
| సముద్రం | వీగో దాకా దాదాపు రోజూ | రిబదేవో దాకా, వచ్చిపోతూ | మొదటి రెండు మూడు రోజులు, అదీ నదీముఖాలే | చివర్లో |
| ఎక్కుడు దిగుడు | తక్కువ | చాలా ఎక్కువ | మధ్యస్తం | మధ్యస్తం |
| చీలికలు | చాలా | చాలా | దాదాపు లేవు | ఒక్కటే, కానీ పెద్దది |
| పడక | సులువు, రెడొండెలా తర్వాత రద్దీ | ఎండాకాలంలో కష్టం | సులువే, కొన్నిచోట్ల ఒకటే సత్రం | సులువు |

పోర్చుగీస్ తీరదారి: రెండు దారులు ఒకే పేరుతో

మొదటిసారి నడిచేవాళ్లలో ఎక్కువమంది ఇటే చూస్తారు, అందులో తప్పేమీ లేదు. కొండలు తక్కువ, ఊళ్లు దగ్గర దగ్గర, కాఫీ కోసం గంట మించి నడవక్కర్లేదు. కానీ "తీరదారి" అని ఒక్కటే ఉందనుకుని రావద్దు. పోర్టో నుంచి ఉత్తరానికి పక్కపక్కనే రెండు సాగుతాయి. ఒకటి అసలు తీరదారి. ఇది ఒడ్డుకు కాస్త లోపలగా, ఊళ్ల మధ్య నుంచి, రాళ్లు పరిచిన వీధుల మీదుగా పోతుంది. పసుపు బాణాలు బాగా ఉంటాయి. రెండోది సెండా లిటోరల్, అంటే ఒడ్డుబాట. ఇసుక దిబ్బల మీద వేసిన చెక్క బాటల పక్కనే అలలు. ఫొటోల్లో మీరు చూసింది ఇదే. బాణాలు మాత్రం తక్కువ, ఎక్కడ ఒడ్డు వదిలి వంతెనకు తిరగాలో ఎవరూ చెప్పరు. నా ఆవ్ నది కథ అలా వచ్చిందే.

నేను చెప్పేదేమంటే, ఒక్కదానికే కట్టుబడకండి. పొద్దున ఒడ్డుబాట మీద నడిచి, నది దగ్గరపడగానే అసలు తీరదారికి మారండి. వానపడ్డ రోజు చెక్క బాట జారుతుంది, ఆ రోజు రాళ్ల వీధే మేలు. రాళ్ల వీధి మీద అరికాళ్లు మండుతుంటే చెక్క బాటకు రండి. ఎండాకాలంలో ఇంకోటి కూడా చూసుకోవాలి. పోర్చుగల్ ఒడ్డున ఉత్తరపు గాలి గట్టిగా వీస్తుంది, మీరు నడిచేది ఉత్తరానికే. మధ్యాహ్నం నుంచి గాలి, దాంతో వచ్చే ఇసుక ముఖం మీదే. పొద్దున్నే బయల్దేరితే చాలావరకు తప్పించుకోవచ్చు.

పోర్టో పెద్ద గుడి దగ్గర నుంచే నడవాలని పట్టుదల లేకపోతే మెట్రోలో మాటోసిన్యోస్ దాకా వెళ్లి మొదలుపెట్టండి. పట్నం దాటే నడకలో పోగొట్టుకునేదేమీ లేదు. అక్కడి నుంచి విలా దో కోందే, ఎస్పోసెండే, ఆపైన వియానా డో కాస్టెలో. వియానాలో లిమా నది దాటేది 1878లో ఐఫెల్ కంపెనీ కట్టిన ఇనప వంతెన మీద. కాలిబాట ఇరుకు, పక్కనే కార్లు, వీపున సంచి. టవర్ కట్టిన కంపెనీయే అని గుర్తు చేసుకుంటూ దాటేయండి.

కామిన్యా దగ్గర మిన్యో నది. అవతల స్పెయిన్. అక్కడ చిన్న పడవలు యాత్రికులను దాటిస్తాయి. గాలి ఎక్కువైనా, ఆటుపోట్లు కుదరకపోయినా పడవ ఉండదు. ముందు రోజే అడిగి పెట్టుకోవడం మంచిది. గడియారం సంగతి కూడా మరవొద్దు. స్పెయిన్ టైము పోర్చుగల్ కన్నా ఒక గంట ముందుంటుంది. అవతలి గట్టున సత్రం రెండు గంటలకు తెరుస్తారంటే, మీ చేతి గడియారంలో అది ఒంటిగంట. పడవ దొరకని రోజు నది వెంట లోపలికి వలెన్సా దాకా నడిచి, వంతెన మీదుగా తుయ్ చేరి, లోపలి పోర్చుగీస్ దారిలో కలవచ్చు. అప్పుడు ఎ గార్డా, బయోనా, వీగో మొత్తం పోతాయి. ఒక్క పడవ కోసం అంత వదులుకునే కన్నా కామిన్యాలో ఒక రోజు ఆగమంటాను.

స్పెయిన్ వైపు ఎ గార్డా నుంచి బయోనా దాకా 30 కిలోమీటర్లు నాకు బాగా నచ్చిన నడక. ఓయా దగ్గర సముద్రానికి ఎదురుగా పాత మఠం. రోడ్డు పక్కన నడవాల్సినవి కొన్ని కిలోమీటర్లున్నాయి, అవి విసుగే. బయోనాకు వచ్చి దిగింది ఎవరనుకున్నారు? కొలంబస్ ఓడల్లో ఒకటైన పింటా, 1493 మార్చి 1న. కొత్త ఖండం కబురు యూరప్‌లో మొదట చేరింది ఈ రేవుకే.

వీగో పెద్ద పట్నం. ఇక్కడే బాణాలు ఎక్కువమందిని ఏడిపిస్తాయి. ఒకటి కనిపిస్తే నాలుగు వీధులు ఏమీ ఉండదు. పట్నంలోకి వచ్చేటప్పుడు, బయటికి పోయేటప్పుడు ఫోన్ చేతిలో ఉంచుకోండి, మొహమాటం వద్దు. రెడొండెలాలో లోపలి పోర్చుగీస్ దారి వచ్చి కలుస్తుంది, ఆ రోజు నుంచి జనం ఒక్కసారిగా పెరుగుతారు, సముద్రం వెనకబడుతుంది.

సముద్రం మళ్లీ కావాలనుకునే వాళ్లకు పొంతెవెద్రా దాటాక ఒక చీలిక ఉంది. దాని పేరు ఆధ్యాత్మిక దారి. కొంబారో, అర్మెంటెయిరా మఠం మీదుగా విలనోవా డి అరోసా చేరి, అక్కడ పడవెక్కి నది మీదుగా పొంటెసెసూరెస్ దిగుతారు. యాకోబు దేహాన్ని పడవలో తెచ్చింది ఈ నీటిదారినే అని కథ. ఒడ్డు పొడుగునా రాతి సిలువలు ఉంటాయి. ఒక రోజు అదనం, ఎక్కుడు కాస్త గట్టిది. టైముంటే వెళ్లండి. టైము లేక నేరుగా పోతే దారిలో పద్రోన్ ఊరి మిరపకాయలు ఎలాగూ ఉన్నాయి. కొన్ని కారం, కొన్ని కావు అంటారు. తెలుగు నోటికి కారం తగిలేది దొరకాలంటే అదృష్టం ఉండాలి.

పోర్చుగల్‌లో ఒక జాగ్రత్త: నీలం బాణాలు కూడా ఉంటాయి. అవి ఫాతిమా అనే ఇంకో పుణ్యక్షేత్రానికి పోయేవి, అంటే దక్షిణానికి. పసుపుకు ఎదురుదిశ అన్నమాట. చీకట్లో టార్చి వెలుగులో రంగు తేడా సరిగ్గా తెలియదు.

ఉత్తర దారి: నెల రోజులుంటేనే

ఫ్రాన్స్ సరిహద్దులోని ఇరున్ నుంచి బాస్క్ ప్రాంతం, కంటాబ్రియా, అస్తూరియాస్, గలీసియా దాటుతుంది. 2015లో యునెస్కో జాబితాలో చేరింది. ఇక్కడ సముద్రం కుడి పక్కన ఉంటుంది. దీని గొప్పదనం ఏకాంతం. 2024లో పోర్చుగీస్ తీరదారిలో 70 వేలకు పైగా మంది వస్తే, ఇందులో వచ్చింది 20 వేల చుట్టూ. దీనికి కట్టే ధర మోకాళ్లు. మొదటి వారం బాస్క్ కొండల్లో పొద్దున ఎక్కి, మధ్యాహ్నం సముద్రమట్టానికి దిగి, మళ్లీ ఎక్కడమే.

మొదటి రోజే చీలిక వస్తుంది. గ్వాదలూపే గుడి దాటాక ఒక దారి హైస్కిబెల్ కొండ శిఖరం మీదుగా, ఇంకోటి కింద నుంచి పోతుంది. కొండ ఎత్తు 547 మీటర్లు. పొగమంచు లేకపోతే పైకే వెళ్లండి, రెండు వైపులా కనిపించేది జన్మకు గుర్తుంటుంది. పొగమంచు ఉంటే పైన గుర్తులూ కనిపించవు, సముద్రమూ కనిపించదు, వెళ్లి ఏం లాభం? కింది దారి పట్టండి. ఆ సాయంత్రం పసాయాలో చిన్న పడవలో ఇరుకు రేవు దాటి సాన్ సెబాస్టియన్ చేరతారు.

ఇక్కడ దారి వెతకడం అంటే సగం పడవల టైములు తెలుసుకోవడమే. లారెడోలో ఇసుక కొమ్ము చివరకు నడిచి అక్కడ నిలబడితే సాంటోన్యా పడవ నేరుగా ఇసుక మీదకు వచ్చి ఎక్కించుకుంటుంది. రేవూ లేదు, బోర్డూ లేదు, మొదటిసారి వచ్చినవాళ్లు తప్పు చోట నిలబడ్డామేమో అని టెన్షన్ పడతారు. చలికాలంలో కొన్ని నెలలు ఆ పడవ ఉండదు, అప్పుడు చుట్టూ తిరిగి పోవాలి. శాంటాండర్‌లోకి మాత్రం ఏడాది పొడుగునా సోమో నుంచి పడవ ఉంది. శాంటాండర్ దాటాక బోవో దగ్గర రైలు వంతెన వస్తుంది. దాని మీద నడిస్తే తొమ్మిది పది కిలోమీటర్లు కలిసొస్తాయని కొందరు సాహసం చేస్తారు. చేయకండి. రైళ్లు నిజంగానే వస్తాయి. ఒక్క స్టేషన్ రైలెక్కితే ఎవరూ తప్పుపట్టరు.

గుర్తుల సంగతికొస్తే ఈ దారిలో మూడు చిక్కులు. ఒకటి, కమీనోకు గుర్తుగా పెట్టే ఆల్చిప్ప బొమ్మ. అస్తూరియాస్‌లో గీతలన్నీ వచ్చి కలిసే మొన ఎటు ఉంటే అటు నడవాలి. గలీసియాలో అడుగుపెట్టగానే తలకిందులు, గీతలు విచ్చుకునే వైపు అంటారు, అదీ అన్నిచోట్లా పాటించరు. అందుకని ఆల్చిప్పను నమ్మొద్దు, పక్కన బాణం ఉందేమో చూడండి. రెండు, స్పెయిన్‌లో చిన్న కాలిబాటల గుర్తు తెలుపు-పసుపు గీతలు. పసుపు కనిపించగానే మనదే అనుకుని ఊరి చెరువు చుట్టూ తిరిగొచ్చిన వాళ్లలో నేనొకణ్ని. ఎరుపు-తెలుపు గీతలైతే దూరపు కాలిబాటలవి, వాటిలో ఒకటి తీరం వెంటే పోయే ఈ-9. చాలాచోట్ల కమీనో తారు రోడ్డు మీద పోతుంటే, ఈ-9 గట్టు అంచున సముద్రాన్ని చూపిస్తూ పోతుంది. తెలిసి పట్టుకుంటే వరం. దూరం మాత్రం పెరుగుతుంది. ఏ రంగులోనైనా అడ్డంగా కొట్టిన ఇంటూ గుర్తు ఉంటే అటు పోవద్దని అర్థం.

మూడోది విల్యవిసియోసా దాటాక వచ్చే చీలిక. ఎడమకు ఒవియెడో, అక్కడి నుంచి ప్రిమిటివో అనే కొండదారి. కుడికి హిహోన్, అంటే మన తీరం. మాటల్లో పడి నడిచేవాళ్లు ఇక్కడ తెలియకుండానే కొండల్లోకి పోతారు. తెలిసే పోయేవాళ్లూ ఉన్నారు. ఎందుకంటే రిబదేవో దగ్గర ఉత్తర దారి సముద్రాన్ని వదిలేస్తుంది, ఇంకా 190 కిలోమీటర్ల చిల్లర నడక లోపలే. "తీరదారి అని వచ్చి చివరి వారం ఆవుల్ని చూస్తున్నాం" అని విసుక్కునేవాళ్లు ఏటా ఉంటారు. మొండోన్యెడో లోయ, సోబ్రాడో మఠం బాగుంటాయి, అది వేరే సంగతి.

పడకలు జూలై, ఆగస్టుల్లో కష్టం. ఇవి స్పెయిన్ వాళ్లు సముద్ర స్నానాలకు వచ్చే ఊళ్లు. యాత్రికుడి మంచం కోసం మీరు పోటీపడేది యాత్రికులతో కాదు, కుటుంబాలతో. మే, జూన్, సెప్టెంబర్ మేలు. వాన ఏ నెలలోనైనా ఉంటుంది, కొండలు అంత పచ్చగా ఊరికే లేవు. గుయెమెస్ సత్రం లాంటివి కొన్ని హుండీ పద్ధతిలో నడుస్తాయి, తోచినంత వేయాలి. తోచినంత అంటే ఊరికే అని కాదు, ప్రైవేటు సత్రానికి ఎంత ఇస్తారో అంతైనా వేయండి.

ఇంగ్లిష్ దారి: వారం సెలవున్నవాళ్లకు

ఇంగ్లండ్, ఐర్లండ్ నుంచి ఓడల్లో వచ్చినవాళ్లు దిగి నడిచిన దారి. ఫెర్రోల్ రేవు దగ్గర మొదలై నెడా, పొంటెడెయుమే, బెటాన్సోస్ మీదుగా నదీముఖాల అంచున సాగుతుంది. బెటాన్సోస్ తర్వాత కొండెక్కి బ్రూమా, ఆపైన సిగేయిరో, శాంటియాగో. గలీసియాలో మిగతా చోట్ల లాగే ఇక్కడా రాతి స్తంభాల మీద శాంటియాగోకు మిగిలిన దూరం మీటర్లతో సహా చెక్కి ఉంటుంది. దారి తప్పడానికి కష్టపడాలి.

అలలు కావాలనుకుంటే మాత్రం ఇది మీకు కాదు. కనిపించేది నిశ్చలమైన ఉప్పునీరు, పడవలు, బురద మేటలు. నాకది నచ్చుతుంది, అందరికీ నచ్చదు. ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి: కంపోస్టెలా పత్రం రావాలంటే కనీసం 100 కిలోమీటర్లు నడిచి ఉండాలి, ఆ చివరి 100లో రోజుకు రెండు ముద్రలైనా యాత్రిక పుస్తకంలో పడాలి. ఈ దారికే ఇంకో కొమ్మ ఎ కొరున్యా నుంచి ఉంది, అది 75 కిలోమీటర్లే. తక్కువైన దూరాన్ని సొంత దేశంలో గుర్తింపున్న యాత్రాదారిలో నడిచి చూపాలి. మనకది కుదిరే పని కాదు, ఫెర్రోల్ నుంచే మొదలుపెట్టండి.

ఫినిస్టెర్రే, ముషియా: గుడి దాటాక సముద్రం

మిగతావన్నీ శాంటియాగోకు పోతే ఇది అక్కడి నుంచి బయల్దేరుతుంది. మొదటి రెండు మూడు రోజులు యూకలిప్టస్ తోటలు, పల్లెలు, రాతి ధాన్యపు గాదెలు. చివరి పొద్దున సెయ్ ఊరి మీద కొండ అంచుకు రాగానే ఒక్కసారిగా సముద్రం. అన్నాళ్లు దాచి ఉంచినట్టు. రోజూ సముద్రం చూసి నడిచినవాడికి ఆ క్షణం రాదు. నాలుగు దారుల్లో సముద్రం తక్కువ కనిపించేది ఇందులోనే, ఎక్కువ గుర్తుండేదీ ఇదే.

ఓస్పిటాల్ అనే పల్లె దాటగానే రెండు రాతి స్తంభాలు పక్కపక్కన ఉంటాయి. ఎడమ ఫినిస్టెర్రేకు, కుడి ముషియాకు. ఎడమకు పోతే సెయ్ దాకా దాదాపు 15 కిలోమీటర్లు దుకాణం లేదు, నీళ్లు నింపుకోండి. ఈ రెండు ఊళ్ల మధ్య దారిలో బాణాలు రెండు దిశలకూ ఉంటాయి. అలవాటుగా కనిపించిన బాణం వెంట పడితే వచ్చిన దారినే వెనక్కి పోతారు. బాణం పక్కన ఊరి పేరు గానీ మొదటి అక్షరం గానీ చూసి కదలండి.

ఏది ముందు? ముషియా ముందు, ఫినిస్టెర్రే తర్వాత అంటాను. ఫినిస్టెర్రే దీపస్తంభం దగ్గర సున్నా కిలోమీటరు రాయి ఉంది, నడక అక్కడ ఆగితే బాగుంటుంది. ప్రశాంతత కావాలంటే తిరగేయండి. ముషియాలో ఒడ్డు రాళ్ల మీద ఉన్న మాత గుడి 2013 క్రిస్మస్ రోజున పిడుగుపడి కాలింది, తర్వాత బాగుచేశారు. 2002లో ప్రెస్టీజ్ నౌక చమురు కక్కింది ఈ తీరం మీదే. ఈ ఒడ్డుకు మృత్యుతీరమని పేరు. రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగేటప్పుడు ఆ పేరు ఎందుకొచ్చిందో గుర్తుంచుకోండి. ఫినిస్టెర్రే దీపస్తంభం దగ్గర యాత్రికులు పాత బట్టలు కాల్చే ఆచారం కూడా ఇప్పుడు నిషేధం.

దారి దేనితో వెతకాలి?

పసుపు బాణం పాతకాలపుది అనుకుంటారు చాలామంది. 1984లో ఓ సెబ్రెయిరో ఊరి పూజారి ఎలియాస్ వలిన్యా రంగుడబ్బా పట్టుకుని ఫ్రెంచ్ దారిలో గీయడం మొదలుపెట్టాడు, అది అన్ని దారులకూ పాకింది. ఇప్పటికీ అంతకు మించిన సాధనం లేదు. తల ఎత్తి నడుస్తారు, బ్యాటరీ అవసరం లేదు. తీరంలో దాని బలహీనత ఒకటే: బాణం ఒక దారినే చూపిస్తుంది, ఇంకో దారి ఉందని చెప్పదు. రోడ్డు పక్కన హోటళ్ల వాళ్లు తమ గుమ్మం వైపు గీసుకున్న బాణాలు కూడా అక్కడక్కడా తగులుతాయి.

బ్యూన్ కమీనో, వైజ్ పిల్‌గ్రిమ్ లాంటి యాప్‌లు చీలికలు, సత్రాలు చూపిస్తాయి. మ్యాప్ ముందే దించుకుంటే సిగ్నల్ లేకున్నా పనిచేస్తాయి. మామూలు గూగుల్ మ్యాప్స్‌ను నడకకు నమ్ముకుంటే దగ్గరదారి అని హైవే పక్కకు తీసుకుపోతుంది. దాన్ని సూపర్ మార్కెట్ వెతకడానికి ఉంచుకోండి. యాప్‌తో వచ్చే తంటా ఏమిటంటే, నీలం చుక్క గీత మీద ఉందో లేదో నిమిషానికోసారి చూసుకునే జబ్బు పట్టుకుంటుంది. సముద్రం పక్కన నడుస్తూ అరచేతిలోకి చూస్తే ఇంత దూరం రావడం దేనికి?

అచ్చు పుస్తకం బరువు. అయితే ముందు రోజు రాత్రి రేపటి చీలికలు చదువుకోవడానికి అంత వీలైనది లేదు. నేను ఆ పేజీలను ఫోన్‌లో ఫొటో తీసుకుని పుస్తకం ఇంట్లో పెట్టేస్తాను.

ఒంటరిగా పోయేవాళ్లకు నా పద్ధతి: రాత్రి చీలికలు ఎన్నో, ఏ వైపో చిన్న కాగితం మీద రాసుకోవడం, పగలు బాణాల మీద నడవడం, పది నిమిషాలు బాణం కనిపించకపోతేనే ఫోన్ తీయడం. అప్పటికీ తెలియకపోతే చివరిగా బాణం చూసిన చోటికి వెనక్కి. "ముందుకు పోతే ఎక్కడో కలుస్తుందిలే" అన్న మాట తీరంలో పనికిరాదు. మధ్యలో నది ఉండొచ్చు. దెబ్బ తగిలినా, గట్టు అంచున ఇరుక్కున్నా రెండు దేశాల్లోనూ 112.

ఎవరికి ఏది

రెండు వారాలుండి, మొదటిసారి అయితే పోర్చుగీస్ తీరదారి. దారి తప్పుతానన్న భయం ఉంటే అసలు తీరదారిలో బాణాల మీద నడిచి, ఒడ్డుబాటను సాయంత్రం షికారుకు ఉంచుకోండి. పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే వీగో నుంచి మొదలుపెట్టండి, దాదాపు 100 కిలోమీటర్లు, పత్రానికి సరిపోతుంది. బయల్దేరే ముందు లెక్క మాత్రం సరిచూసుకోండి.

నెల సెలవు, గట్టి మోకాళ్లు, రోజంతా మనిషి కనిపించకపోయినా ఫరవాలేదనుకునే స్వభావం ఉంటే ఉత్తర దారి. అందులో ఒక్క ముక్క చాలనుకుంటే ఇరున్ నుంచి బిల్బావో దాకా వారం నడిచి ఆగిపోండి. పత్రం రాదు కానీ ఆ దారిలో నాకు బాగా నచ్చిన వారం అదే.

వారమే ఉండి పత్రం కావాలంటే ఇంగ్లిష్ దారి. వారమే ఉండి సముద్రం కావాలంటే పత్రం సంగతి వదిలేసి శాంటియాగోకు నేరుగా విమానంలో వెళ్లి ముషియా, ఫినిస్టెర్రే నడవండి. ఆ ఊళ్లు కూడా తమ తమ పత్రాలు ఇస్తాయి. పది రోజులుంటే రెండూ కలపండి. నన్నడిగితే ఈ జోడీ అంత బాగా కుదిరేది ఇంకోటి లేదు.

వీసా విషయం ఒకటి. పోర్చుగల్, స్పెయిన్ రెండూ షెంగెన్‌లోనే ఉన్నాయి, ఒక్క వీసా చాలు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో గడుపుతారో ఆ దేశానికి దరఖాస్తు చేయాలి. పోర్టోలో విమానం దిగుతున్నాం కదా అని పోర్చుగల్‌కు పెట్టేవాళ్లున్నారు. పోర్టో నుంచి నడిస్తే సాధారణంగా స్పెయిన్‌లోనే ఎక్కువ రాత్రులు పడతాయి, లెక్కేసుకుని పెట్టండి. ఏ సంవత్సరం జూలై 25 ఆదివారం నాడు వస్తే అది అక్కడివాళ్లకు పుణ్య సంవత్సరం. వచ్చేది 2027లో. ఆ ఏడు వెళ్లాలనుకుంటే పోర్చుగీస్ దారిలో రెడొండెలా తర్వాతి పడకలు ఇంటి దగ్గర నుంచే బుక్ చేసుకుని బయల్దేరండి.